చెప్పినట్టే చేసిన చింత

ఉదయభాస్కర్ గారికి చెట్లంటే ప్రాణమని కడియం నర్సరీల్లో అందరూ చెప్పుకుంటారు. ఆ చెట్లకి ఆయనంటే హడలని సంపూర్ణమ్మకొక్కదానికే తెలుసు. ఆయన నర్సరీలో పదహారేళ్లుగా బోన్సాయ్ చెట్లు చూసుకునేది ఆవిడే. ఆయన పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్‌లో జపాన్ వాళ్ల వీడియో ఒకటి చూసి, చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి ఒక ఆర్డరు పారేసేవారు.

"సంపూర్ణం, దీని వేళ్లు కడిగి కుండీ మార్చు. దాని కొమ్మలన్నీ కిందకి వంచు."

"అలాగేనండి" అనేది ఆవిడ. ఆయన అటు తిరగ్గానే పైమట్టి కాస్త తీసి కొత్తమట్టి పోసి, పచ్చగా నాచు అంటించి, కొమ్మని దాని దారిన దాన్ని వదిలేసేది. నెల తర్వాత చెట్టు కళకళలాడుతుంటే ఆయన వచ్చి చూసి మీసం దువ్వుకునేవారు. "చూశావా, నేను చెప్పానా!" అంటే, "మీరు చెప్పాక తిరుగేముందండీ" అనేది. ఇలా ఒక ఏడాది కాదు, పదహారేళ్లు గడిచాయి. ఆయన తన మాట తిరుగులేనిదని నిజంగానే నమ్మేశారు పాపం.

ఆ చెట్లలో ఒక చింత ఉంది. మూరెడు ఎత్తు. సంపూర్ణమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి చిగురు కోసిన చెట్టు ఒకటి కాలవగట్టు రోడ్డు మీద ఉండేది. రోడ్డువైపు బస్సు టాపులూ గడ్డిలారీలూ రాసుకుని రాసుకుని దాని కొమ్మలు కత్తిరించినట్టు తెగిపోతే, ఆ బలమంతా కాలవవైపు పోయి, అటు కొమ్మలు నీళ్ల మీదకి వాలిపోయేవి. గట్టు కోసుకుపోయిన చోట వేళ్లు బయటపడి మట్టిని గట్టిగా పట్టుకుని ఉండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు పోయింది. గింజ నాటి, పదహారేళ్లు పెంచి, ఆ చెట్టునే మళ్లీ కుండీలో నిలబెట్టింది సంపూర్ణమ్మ. పోయిన చెట్టు ఎక్కడ వంగిందో ఇదీ అక్కడే వంగింది.

పోయినేడాది రాజమండ్రి ప్రదర్శనలో జగన్నాథరావు గారు దాని ముందు పావుగంట నిలబడిపోయారు. ఆయన రిటైరైన బోటనీ లెక్చరర్, ప్రదర్శనకి జడ్జి. "అందరూ జపాన్ కొండల మీది పైన్ చెట్లు చేసుకొచ్చారు. మన గట్టు మీద మన చింత ఎలా బతుకుతుందో చూసి చేసింది ఇదొక్కటే" అన్నారు. మొదటి బహుమతి వచ్చింది. చెట్టు కింద చీటీ మీద 'కళాకారుడు: ఉదయభాస్కర్' అని ఉంది. ఎలా తట్టిందని అడిగితే, ధ్యానంలో కనిపించిందని చెప్పారాయన.

మర్నాడు నర్సరీలో చిన్న విందు. అతిథులకి పూతరేకుల పళ్లెం అందిస్తూ సంపూర్ణమ్మ ధైర్యం చేసి అడిగింది.

"అయ్యగారూ, వచ్చే ఏడు చీటీలో నా పేరు కూడా ఓ మూలన రాయించండి."

ఆయన పకపకా నవ్వారు. "నీళ్లు పోసినందుకు నీ పేరు రాస్తే, నీళ్లు తోడినందుకు మోటారు పేరు కూడా రాయాలే!"

అందరూ నవ్వారు. పూతరేకు నోట్లో పెట్టుకున్న ఓ అతిథికి పొలమారింది కూడా. సంపూర్ణమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది. కళ్లలో నీళ్లు రాలేదు. ఆ మోటారు మాట మాత్రం మర్చిపోలేదు.

ఆవిడకి ఆయన సంగతి బాగా తెలుసు. నాలుగేళ్ల కిందట రావులపాలెం రైతుకిచ్చిన మొక్కలు కుళ్లిపోతే, "మా సంపూర్ణమండి, కొల్లాబత్తుల సంపూర్ణమ్మ. ఎన్నిసార్లు చెప్పినా నీళ్లు ఎక్కువ పోస్తుంది" అని ఇంటిపేరుతో సహా చెప్పేశారు. ఆ మొక్కలు పెట్టిందీ ఎరువు వేసిందీ ఆయనే. మంచి జరిగితే ఈయన నోట తన పేరు రాదు. చెడు జరిగితే అడక్కుండానే వస్తుంది. సరే, అలాగే రప్పిస్తాను అనుకుంది సంపూర్ణమ్మ. ఆదివారం చర్చిలో పాస్టర్ గారు పగవాళ్లని క్షమించమని చెబుతుంటే తల వంచుకుని ఆమెన్ అంది. మనసు మాత్రం ప్రదర్శన కోసం ఆయన ఆర్డర్లు వేసే డిసెంబరు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.

క్రిస్మస్ వెళ్లిన రెండో రోజు ఆర్డరు రానే వచ్చింది. జనవరి చివర్లో ప్రదర్శన. జపాన్ నుంచి నీలం రంగు పళ్లెం కుండీ ఒకటి తెప్పించారాయన. లోతు నాలుగు వేళ్లు కూడా లేదు.

"చింతని ఇందులోకి మార్చు. వేళ్లు శుభ్రంగా కడిగి సగానికి కోసెయ్. కొమ్మలన్నిటికీ తీగ చుట్టి కిందకి లాగు. పైన్‌లా పొరలు పొరలుగా రావాలి."

"ఇంత చలిలో చింత వేరు ముట్టుకోవచ్చాండి?" అని ఒక్కసారి అడిగింది.

"నువ్వు నాకు చెబుతావా?"

"లేదండి. మీరు చెప్పినట్టే చేస్తాను."

పదహారేళ్లలో మొదటిసారి ఆయన చెప్పినట్టే చేసింది. బకెట్లో ముంచి వేళ్లు కడుగుతుంటే ఎన్నాళ్ల మట్టో ఎర్రగా దిగింది. కత్తెర వేసినప్పుడల్లా బిడ్డకి విషం కలిపినట్టుంది ప్రాణానికి. అయినా ఆగలేదు. కాలవవైపు వాలిన కొమ్మల్ని వెనక్కి లాగి తీగ బిగించింది. కోయమన్నంతా కోసింది, వంచమన్నంతా వంచింది.

చింతాకు సాయంత్రం ముడుచుకుని పొద్దున్నే విచ్చుకుంటుంది. నాలుగో రోజు పొద్దున ఆకు విచ్చుకోలేదు. "నిద్రపోతోంది, కొత్త కుండీ కదా" అన్నారు ఉదయభాస్కర్ గారు. వారం తిరిగేసరికి ముట్టుకుంటే ఆకు రాలడం మొదలైంది. ఇప్పుడైనా తీగలు విప్పి, లోతు కుండీలో పెట్టి, తడిగుడ్డ కప్పితే నిలుస్తుందేమో. సంపూర్ణమ్మ చెయ్యి తీగ దాకా వెళ్లింది. ఆ రోజు నవ్విన నవ్వు చెవిలో మోగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ప్రదర్శన పోస్టర్ల మీద ఆ చెట్టు బొమ్మే వేశారు కాబట్టి తీసుకెళ్లక తప్పలేదు. జపాన్‌లో ఆకులు రాల్చి పెట్టడమే ఫ్యాషన్ అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నారాయన. నర్సరీ నుంచి దాంతోపాటు తెచ్చిన మిగతా పదకొండు చెట్లూ పచ్చగా రెండు పక్కలా నిలబడ్డాయి, నడుమ చింత మోడుగా ఉంది. జగన్నాథరావు గారు వచ్చారు. వంగి, కాండం మీద గోటితో గీరి చూశారు. లోపల ఆకుపచ్చ లేదు. కుండీలో మట్టి కాస్త వేలితో తోడితే కొత్తగా కోసిన వేళ్లు కనిపించాయి.

"ఇది చచ్చిపోయిందండీ" అన్నారు. "చలిలో చింత వేళ్లు కడిగిన మహానుభావుడెవరు?"

చుట్టూ జనం మూగారు. అరడజను ఫోన్లు పైకి లేచాయి. ఉదయభాస్కర్ గారి మొహం పాలిపోయింది. సంపూర్ణమ్మ ఆయన నోటి వంకే చూస్తోంది.

"నేను కాదండి" అన్నారాయన. "నేను చెట్టుని చేత్తో ముట్టుకోనండీ! కత్తెర పట్టి పదిహేనేళ్లయింది. కొయ్యడం, వంచడం, తీగ చుట్టడం అంతా ఇదిగో, ఈ కొల్లాబత్తుల సంపూర్ణమ్మేనండి."

"అంతానా?"

"అంతానండి. కావాలంటే దాన్నే అడగండి."

"పోయినేడాది బహుమతి వచ్చినప్పుడు కూడానా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్నాథరావు గారు చింత కింద చీటీ తీసి, పాత పేరు కొట్టేసి, పెన్ను పట్టుకుని సంపూర్ణమ్మ వైపు తిరిగారు. ఆయన గొంతులో జాలి లేదు.

"చలిలో వేళ్లు కడిగితే పోతుందని నీకు తెలీదా అమ్మా?"

"తెలుసండి. అందుకే పదహారేళ్లూ కడగలేదు. అయ్యగారు ఏటేటా కడగమనేవారు. అలాగేనండి అనేదాన్ని, కడిగేదాన్ని కాదు. ఈ ఒక్కసారి చెప్పినట్టు చేశాను."

ఉదయభాస్కర్ గారు ఆవిడ వంక కొత్త మనిషిని చూసినట్టు చూశారు. పదహారేళ్ల "నేను చెప్పానా" ఒక్కసారిగా ఆయన మెడకి చుట్టుకుంది.

జగన్నాథరావు గారు రాయబోతుంటే సంపూర్ణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనికి నా పేరు వద్దండి. అన్నిట్లోకీ అయ్యగారి చెట్టు ఇదొక్కటే. ఆయన పేరు ఉండనివ్వండి. నాది ఆ పదకొండిటికీ రాయండి."

జగన్నాథరావు గారు చింత చీటీ మీద 'ఉదయభాస్కర్' అని మళ్లీ రాసిపెట్టి, పక్క చెట్టు దగ్గరికి కదిలారు. సంపూర్ణమ్మ ఆయన వెనకాలే నడుస్తూ, ఒక్కొక్క చీటీ మీదా తన పేరు తప్పుల్లేకుండా పడిందో లేదో కూడబలుక్కుని చదువుకుంది. పదకొండూ అయ్యేదాకా చింత వైపు మాత్రం చూడలేకపోయింది.