నలభై నిమిషాల ముందు

వేసవిలో ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివానలను ముందే ఎలా పసిగట్టాలన్నది తేజస్వి పరిశోధన. శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. గాలి వేగం కొలిచే పరికరం మంచాల గ్రామంలో ధర్మేందర్ అనే రైతు పొలంలో పెట్టింది. ఆ పరిచయంతోనే పదిరోజుల కిందట, సాయంత్రం పెద్దగాలి వస్తుందని అతనికి ఫోన్ చేసింది. అతను చెల్లెలు సంతోషి నిశ్చితార్థాన్ని ఆరుబయటి నుంచి ఇరుకింట్లోకి మార్చాడు. ఆకు కూడా కదల్లేదు. వియ్యాలవారు నవ్వారు.

ఇవాళ సంతోషి పెళ్లి. ధర్మేందర్ ఫోనెత్తకపోయేసరికి తేజస్వి స్కూటీ మీద వచ్చింది. టెంటు కింద మూడువందల మంది భోంచేస్తున్నారు.

“మబ్బు శంషాబాద్ దాటిందండీ. నలభై నిమిషాల్లో ఇక్కడుంటుంది. అందర్నీ పక్కనున్న బడిలోకి పంపించండి.”

“మల్ల మొదలువెట్టినవా?” అన్నాడు ధర్మేందర్. “మొన్న నీ మాటినే పదిమందిల ఇజ్జత్ పోయింది. ఎండ గింత కొడుతుంటే గాలంటవ్. పో ఈడికెంచి.”

“మొన్న పొరబడ్డాను. ఈసారి రాడార్‌లో స్పష్టంగా ఉంది.”

అతని తల్లి రేణుకమ్మ అడ్డం వచ్చింది. “శుభమా అని పెండ్లైతుంటే కీడు మాట్లాడుతవా? నోరెట్లొచ్చింది నీకు?”

బతిమాలడంలోనే అరగంట పోయింది. పడమట నల్లబడింది. తేజస్వి వేదికెక్కి మైకు లాక్కుంది.

“అన్నం వదిలేసి లేవండి. బడిలోకి నడవండి.”

ఎవరో మైకు గుంజుకున్నారు. ఎవరో ఆమె చెయ్యి మెలిపెట్టారు. విడిపించుకుని, పక్కనే ఉన్న బడి వైపు పరుగెత్తింది. కొట్టడానికి మగవాళ్లు వెంటపడ్డారు. చూడటానికి ఆడవాళ్లు, పిల్లలు కదిలారు. బడి వరండాలో ఆమెను గోడకు అదిమి తిడుతుండగానే గాలి వచ్చింది. ఇనుప స్తంభాలతో సహా టెంటు లేచి, తిరగబడి నేలకూలింది.

ఎవరూ చావలేదు. వంటపాత్రల దగ్గరే ఉండిపోయిన రేణుకమ్మ భుజం విరిగింది.

“నీ నోట్లెకెంచే వచ్చిందీ గాలి,” అన్నాడు ధర్మేందర్, తడిసి వణుకుతూ. వరండాలో ఒక్కరూ కాదనలేదు.

మూడోనాడు తేజస్వి ఇబ్రహీంపట్నం దవాఖానకు వెళ్లింది. కట్టుతో పడుకున్న రేణుకమ్మ పైకప్పు వైపే చూస్తూ మాట్లాడింది.

“పానాలు దక్కినయ్, అవ్. కాదంటలేను. గాని బిడ్డ పెండ్లి అన్నప్పుడల్లా నాకు నీ మొఖమే యాదికొస్తది. మల్ల రాకు.”

తేజస్వి తలూపి బయటికి వచ్చింది.