ఫిలిప్పు పేరులోని గుర్రం

ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమనగానే దయామణి నోరు తెరుస్తుంది. నోట్లోంచి ఒక నల్ల గుర్రం బయటికి వస్తుంది. వచ్చి, ఒళ్ళు దులుపుకొని, అరుగు పక్కన జనం విడిచిన చెప్పులు తొక్కకుండా ఒదిగి నిలబడుతుంది. పద్ధతి తెలిసిన గుర్రం.

పొద్దున చర్చిలో పెళ్ళయింది. ఇప్పుడు కొత్త జంట అత్తవారింటి ముందుకొచ్చింది. గడప దాటాలంటే ఒకరి పేరు ఒకరు చెప్పాలి. ఆ లంకలో ఏ మతం వాళ్ళకైనా ఆ ఆచారం ఒక్కటే. పెళ్ళికొడుకు తడుముకోకుండా "దయామణి" అనేసి, లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మగవాళ్ళదేం పోయింది?

దయామణి పుట్టింటి సంగతి వేరు. ఆమె తండ్రి పేరు యోహాను. పెళ్ళయిన నాటి నుంచి తల్లి ఆ పేరు పలికి ఎరగదు. బైబిలు చేతిలో పట్టుకుని కూడా మత్తయి, మార్కు, లూకా అని వరసగా చెప్పి, ఆ తర్వాతి సువార్తను "నాలుగోది" అంటుంది. చివరికి చర్చిలో అయ్యగారు కూడా ఆవిడ వైపు తిరిగినప్పుడు "నాలుగోది తియ్యండమ్మా" అనడం అలవాటు చేసుకున్నారు. అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్లని పట్టుకుని మొగుడి పేరు చెప్పమంటే గుర్రమైనా వచ్చింది, అదే పదివేలు.

పెద్దాడపడుచు రాహేలు గుర్రం చుట్టూ తిరిగి, పళ్ళు చూసి, జంతువు బాగానే ఉంది గానీ పేరు సగమే వచ్చిందని తేలుస్తుంది.

"సగం పేరుకి సగం తలుపే తీస్తామమ్మాయ్," అంటుంది. ఎడమ రెక్క తీస్తుంది. కొత్తకోడలు పెట్టాల్సింది కుడికాలాయె. కుడి రెక్క మూసే ఉంటుంది.

గుర్రం గొంతు సవరించుకుని తాను గ్రీసు దేశపుదాన్నని చెబుతుంది. అక్కడ ఫిలిప్పు అంటే గుర్రాలను ప్రేమించేవాడట. పేరులో ముందు ప్రేమ నడుస్తుంది, వెనక గుర్రం నడుస్తుంది. ఇవాళ మాత్రం వరస తప్పింది. ముందు నడవాల్సింది పెళ్ళికూతురి గొంతులో కూర్చుని, ఇంతమంది మధ్యకి నేను రానంటోంది. ఈ మాట చెప్పి గుర్రం, ఉలవలేమైనా ఉన్నాయా అని అడుగుతుంది.

చిన్నాడపడుచు కెజియాకి నవ్వాగదు.

"మా అన్నయ్య ప్రేవించేది పెసరట్టునండీ. గుర్రాన్ని ఎప్పుడూ దగ్గరగా చూడనేలేదు."

"అందుకే వచ్చాను," అంటుంది గుర్రం, "చూస్తాడని."

దయామణికి తోడుగా వచ్చిన మేనత్త సుందరమ్మ తెలివైన మనిషి. ఆవిడ మేనకోడలి చెవిలో ఒక ఉపాయం ఊదుతుంది. సిగ్గంతా మన భాషలోని పేరుకే కదా, పరాయి భాషలో చెబితే అది మొగుడి పేరెలా అవుతుంది, ఎవరో దారిన పోయే మనిషి పేరు అవుతుంది గానీ. దయామణికి ఇది సబబుగానే తోస్తుంది. ఆ భాషలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పేర్లు వాటంతటవే నాలుక మీదికి వస్తాయి.

స్పెయిను వాళ్ళ పద్ధతిలో "ఫెలీపె" అంటుంది. తెల్లగుర్రం వచ్చి ఒంటికాలి మీద తిరుగుతుంది. ఇటలీ వాళ్ళ "ఫిలిప్పో" అంటుంది. పాట పాడుకుంటూ ఎర్రగుర్రం వస్తుంది. హంగెరీ వాళ్ళ "ఫ్యూలోప్" అంటే మీసాల గుర్రం వస్తుంది. చివరికి ఇంగ్లీషువాళ్ళు ముద్దుగా పిలుచుకునే "పిప్" అంటుంది. మేకపిల్లంత గుర్రప్పిల్ల గెంతుకుంటూ వచ్చి, సుందరమ్మ కొంగు నమలడం మొదలుపెడుతుంది. వచ్చినవన్నీ గుర్రాలే. ప్రేమలన్నీ లోపలే ఆగి, ఒకదాన్నొకటి జరగమంటూ దయామణి గొంతులో సర్దుకుంటున్నాయి.

ఇన్ని గుర్రాలకు చోటు కావాలి. అందుకని అరుగు పొడుగవుతుంది. ఒక్కో గుర్రానికీ గడప వెనక్కి జరుగుతుంది. ఇల్లు రైసుమిల్లు దాటిపోయింది. కాలవ దాటిపోయింది. అరటితోటల అవతల, తెరిచిన సగం తలుపులో, కుర్చీలో కూర్చున్న ఫిలిప్పు చింతగింజంత కనిపిస్తున్నాడు. చింతగింజ లేచి నిలబడి చెయ్యి ఊపుతోంది. ఆ ఊపులో కంగారుంది.

"ఇంకొక్క గుర్రం వచ్చిందంటే ఆయన వినికిడి దాటిపోతాడు," అంటుంది నల్లగుర్రం. "ఆ తర్వాత నువ్వు పేరంతా చెప్పినా పలికేవాడుండడు."

రాహేలు ముఖంలో వేళాకోళం పోతుంది. తమ్ముడు కనుమరుగవుతాడని తెలిస్తే ఆచారం పెట్టేదే కాదు. కానీ అడిగిన పేరు వెనక్కి తీసుకునే పద్ధతి ఎవరికీ తెలియదు.

దయామణి ఆ చింతగింజ వైపే చూస్తుంది. దగ్గరున్న మనిషికి వినపడీ వినపడనట్టు చెప్పాల్సి రాబట్టే కదా ఇంత సిగ్గు. అంత దూరంలో ఉన్నవాడి కోసం గొణిగితే ఏం లాభం? రేవులో పడవ వెళ్ళిపోతుంటే ఎలా కేకేస్తారో అలాగే వెయ్యాలి. ఆమె పెళ్ళిచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుంటుంది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడుతుంది.

"ఫిలిప్పూ," అని కేకేస్తుంది.

ఈసారి గుర్రం రాదు. వచ్చినదానికి రూపం లేదు. కొత్తకుండలో నీళ్ళు పోసినప్పటి వాసనొకటి అందరి ముక్కుల ముందు నుంచీ సాగి, గుర్రాల జూలు నిమిరి, కాలవ మీదుగా వెళ్ళిపోతుంది. సుందరమ్మ కళ్ళు తుడుచుకుని, గుర్రప్పిల్ల నోట్లోంచి కొంగు లాక్కోవడం మర్చిపోతుంది.

"ఓయ్," అని అవతలి నుంచి వినిపిస్తుంది.

ఆ మాటతో ఇల్లు ఇటు తిరుగుతుంది. అరుగు స్తంభాల మీద లేచి నిలబడి, పెంకులు గలగలలాడిస్తూ, అరటితోటలు తొక్కకుండా గట్ల మీదుగా దౌడు తీస్తుంది. వచ్చి దయామణి ముందు మోకాళ్ళ మీద వంగుతుంది. రెండు రెక్కలూ తెరిచే ఉన్నాయి. ఫిలిప్పు చెయ్యందిస్తాడు. ఆమె కుడికాలు పెడుతుంది.

"గుర్రాలంటే నీకు ఇష్టమేనా?" అని అడుగుతుంది.

"ఇప్పుడే మొదలైంది," అంటాడు ఫిలిప్పు.

అంత దూరం పరిగెత్తిన ఇంటికి దాహం వేస్తుంది. అది కాలవగట్టుకి నడిచి, మెడ వంచి, నీళ్ళు తాగుతుంది. గుక్కగుక్కకీ చేపలు వసారాలోకి వచ్చి కొత్తకోడలి ముఖం చూసి వెళుతుంటాయి. కడుపు నిండాక ఇల్లు తల ఎత్తి, లంకంతా వినపడేలా సకిలిస్తుంది. కొత్తదంపతులు ఆ సకిలింపు లోపలికి వెళతారు. అది అప్పుడే సున్నం వేసిన గదిలా చల్లగా ఉంటుంది. దయామణి నాలుగు పక్కలా చూసి, అందులోనే మంచం వాల్చి, సకిలింపుకి గడియ పెడుతుంది.