మాస్టారు వదిలేసిన వాక్యం

మాస్టారు తల పండేదాకా బడిలో రాజ్యాంగం పాఠం చెప్పారు. ప్రభుత్వం ప్రజలకేం చేయాలో రాసిన అధ్యాయమంటే ఆయనకు ప్రాణం. పనికి తగిన కూలి, ముసలితనంలో ఆసరా, గర్భిణికి విశ్రాంతి, అన్నీ పిల్లల చేత కంఠతా పట్టించేవారు. అందులోనే ఇంకో వాక్యం ఉంది: ‘వీటిని పాటించమని ఏ కోర్టూ ఆదేశించరాదు.’

“ఇది పరీక్షలో రాదర్రా, వదిలేయండి” అనేవారు. వదిలేయగా వదిలేయగా చివరికి ఆయనే మరిచిపోయారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. పాపం, మాస్టారి దగ్గర చెప్పేవాడూ వినేవాడూ ఒక్కరే అయిపోయారు.

ఆయన కూతురు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని చేస్తుంది. రోజంతా నిలబడాలి, పైగా మొహాన ఆవిరి. ఏడో నెలలో సెలవడిగితే సూపర్‌వైజరు కుదరదన్నాడు. కావాలంటే సగం జీతానికి, కూర్చుని దారాలు కత్తిరించే పనిలో వేస్తానన్నాడు.

“ఒప్పుకుంటాను నాన్నా, కాళ్లు వాచిపోతున్నాయి” అంది కూతురు.

“సగం జీతమేంటమ్మా, ముష్టా? నీకు విశ్రాంతివ్వాలని రాజ్యాంగంలోనే ఉంది. కోర్టుకెళ్దాం. అప్పటిదాకా బల్ల మాత్రం వదలకు. వదిలితే మన మాట చెల్లదు.”

నాన్న మాట ఆమెకు వేదవాక్కు. వదల్లేదు.

విచారణకు మాస్టారొక్కరే వెళ్లారు. జడ్జిగారు పుస్తకం తెరిచి మెత్తగానే చెప్పారు. “ఇవి ప్రభుత్వానికి దారి చూపే సూత్రాలు మాస్టారూ. పాటించమని నేను ఆదేశించలేను. ఇదిగో, ఇక్కడే రాసుంది.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని తిట్టుకోవడానికి కూడా లేదు. ఇక్కడ వరమిచ్చిన దేవుడే చేతులు కట్టుకు కూర్చున్నాడు.

ఆ దారాల పనైనా ఇప్పించమని బతిమాలడానికి మాస్టారు పడుతూ లేస్తూ ఫ్యాక్టరీకి పరిగెత్తారు.

“మీ అమ్మాయి బల్ల దగ్గరే పడిపోయిందండీ, ఆసుపత్రికి తీసుకెళ్లారు” అన్నాడు గేటు దగ్గర కాపలావాడు.

బిడ్డ దక్కలేదు.

“నన్ను తిట్టమ్మా” అన్నారు మాస్టారు, మంచం పక్కన కూలబడి.

కూతురు తిట్టలేదు. “పుట్టే పిల్లల గురించి కూడా ఉందా నాన్నా అందులో?” అంది.

“ఉందమ్మా.”

“చెప్పు.”

అలవాటైన నోరు ఆగలేదు. “ప్రతి బిడ్డా ఆరోగ్యంగా, గౌరవంగా పెరిగేందుకు రాజ్యం శాయశక్తులా...”

“ఎంత బాగా రాశారో” అంది కూతురు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. కొట్టినా తట్టుకునేవారేమో గానీ, ఆ మాటకు మాస్టారు భోరుమన్నారు.