బండి అద్దం, అక్క, నేను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచుకోవడం ఎందుకు, యూనిఫారాలు కుట్టే షెడ్డులో బట్ట కత్తిరించే పని నాది, అక్కడ అందరూ నా కత్తెర కంటే నా నోటికే ఎక్కువ భయపడతారు. అలాంటి నేను ఒక చిన్న ప్రశ్న ఇంట్లో ఎవర్నీ అడగలేక నెలల తరబడి తిరిగానంటే నమ్ముతారా? పిల్లకి జడ ఎలా వెయ్యాలి? అంతే ప్రశ్న.

ఆయనకు నేను రెండో భార్యను. మొదటావిడ జబ్బు చేసి పోయింది. ఆవిడ కూతురు మూడో తరగతి చదువుతోంది. ఒక్కచోట నిలవదు కాబట్టి అందరూ పిచ్చుక అని పిలుస్తారు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టే ముందే ఆయన గోడ మీది ఆవిడ ఫోటో తీసి బీరువాలో పెట్టేశారు. నా మనసు నొచ్చుకుంటుందని ఆయన, ఆయన గాయం కెలకడం ఎందుకని నేను. ఇద్దరం మంచికే పోయి, ఆ ఇంట్లో ఆవిడ మాటే లేకుండా చేశాం.

పిచ్చుక నన్ను ఏమనీ పిలిచేది కాదు. "ఇదిగో, ఆకలేస్తోంది." "ఇదిగో, సంతకం పెట్టాలంట." చివరికి నా పేరు ఇదిగో అయిపోయింది. దానికైనా సర్దుకున్నాను. కానీ దువ్వెన తీస్తే చాలు, తల విదిలించి పారిపోయేది. రెండు జడలూ తనే వేసుకునేది. ఒకటి చెవి మీద, ఒకటి మెడ కింద. బడికి పోతుంటే వీధి మలుపు దాకా ఆ వంకర పాపిడినే చూస్తూ నిలబడేదాన్ని.

నేను నోరారా మాట్లాడుకునే చోటు ఒక్కటే ఉండేది. ఆయన మోటార్‌సైకిల్ వెనక సీటు.

ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పొద్దున్నే నన్ను షెడ్డు దగ్గర దింపి పనికి పోతారు. బండికి ముందు గాలి ఆపే అద్దం ఒకటి ఉంది. పేరుకి అద్దం, నిజానికి ప్లాస్టిక్కు. ఎండకి పచ్చబడి, ఒళ్లంతా సన్న గీతలు పడి మసకేసిపోయింది. స్క్రూల కింద రబ్బరు అరిగిపోయి గడగడలాడేది. ఏ సందులోంచో గాలి దూరి ఈల వేసేది. ఆ రొదలో నేనేమన్నా ఆయనకి వినపడదు. అన్నింటికీ "ఊఁ" అంటారు. "మీ నెత్తి మీద కాకి కూర్చుంది" అన్నాను ఒకరోజు పరీక్షకి. "ఊఁ" అన్నారు.

ఇంకేం, ఆ రోజు నుంచి నేను అక్కతో మాట్లాడటం మొదలుపెట్టాను. పోయినావిడ నాకు అక్కే కదా! ఆవిడ కూర్చున్న సీటులోనే కదా నేను కూర్చున్నది!

"అక్కా, నీ కూతురు ఇవాళ పాలు పారబోసింది, నామీద కోపంతో. తిట్టనా, ఊరుకోనా?" అని అడిగేదాన్ని. "ఈయన నిద్రలో పళ్లు కొరుకుతారు, నీ కాలంలో కూడా ఇంతేనా తల్లీ?" అనేదాన్ని. ముందు నుంచి "ఊఁ" అని వచ్చేది. షెడ్డు దగ్గర దిగేసరికి గుండె తేలికయ్యేది.

ఆ అద్దం మార్చమని మొదట్లో ఆయన ప్రాణం తోడేశాను. "అందులోంచి దారి కనపడుతోందా, మీరే ఊహించుకుని నడుపుతున్నారా?" అంటే నవ్వి ఊరుకునేవారు. ఒకరోజు మాత్రం, "అది తను ఏరి కొన్నది" అన్నారు. అంతే, అక్క కొన్నదని తెలిశాక మళ్లీ నేను ఆ ఊసెత్తితే ఒట్టు.

ఎత్తకపోగా దానికి సేవ కూడా మొదలుపెట్టాను. ఆయన జేబులోంచి పొడి గుడ్డ తీసి బరబరా రుద్దేవారు. "ఆగండి మహానుభావా! దుమ్ము మీద పొడిగా రుద్దితే గీతలు పడక ఏం పడతాయి?" అని గుడ్డ లాక్కున్నాను. తడి గుడ్డ కాసేపు దాని మీద పరిచేదాన్ని. ఎండి అంటుకుపోయిన పురుగులు నానేవి. తర్వాత సబ్బునీళ్లతో, మెత్తని నూలుగుడ్డతో పైనుంచి కిందికి నిమిరినట్టు తుడిచేదాన్ని. గీతలు పోలేదు గానీ కొత్తవి పడలేదు. ఆయన చూశారు. మర్నాటి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టేవారు.

ఒక ఆదివారం ఆ గడగడ ఆపుదామని ఆయన స్క్రూలు బిగించారు. ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగించేసరికి టప్‌మంది. స్క్రూ దగ్గర మొదలైన పగులు పైదాకా పాకింది. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ మొహం చూసి, తిట్టబోయిన నోటితోనే "పోన్లెండి" అన్నాను, నేను!

ఆ సాయంత్రమే కొత్తది తెచ్చి బిగించారు. ఈసారి కొత్త రబ్బరు వాషర్లు వేసి, చేత్తో తిప్పగలిగినంత తిప్పి, ఆపైన కొంచెమే బిగించారు. పాతదాన్ని నేను కడిగి, ఆరబెట్టి, నూలుగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.

మర్నాడు పొద్దున ఇంట్లో పెద్ద రభస అయింది. ఆ మరుసటి రోజు బడిలో తరగతి ఫోటో తీస్తారట. "ఈ ఒక్కసారికి నన్ను జడ వెయ్యనీవే" అని బతిమాలాను. పిచ్చుక నా చెయ్యి తోసేసి, "నువ్వు ముట్టుకోకు!" అని ఏడుస్తూ బడికి పోయింది.

బండెక్కాక నాకు లోకం తెలియలేదు. గడగడ లేదు, ఈల లేదు. కొత్త అద్దం గాలిని మా నెత్తి మీదుగా పంపేస్తోంది. నేనవేమీ గమనిస్తేనా! అలవాటుగా మొదలుపెట్టేశాను.

"అక్కా, రేపు నీ కూతురు ఫోటో దిగుతుంది. ఆ వంకర జడలతో దిగితే ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. అమ్మ లేని పిల్ల అని చూసినవాళ్లందరికీ తెలిసిపోతుంది. నా వల్ల కావడం లేదే. నువ్వు ఎలా వేసేదానివో ఒక్కసారి చెప్పి పో."

"ఊఁ" రాలేదు.

ముందు నుంచి ఆయన గొంతు వినపడింది. "చేతులు తడి చేసుకునేది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. బండి నెమ్మదించి, రోడ్డు వారగా ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి దారి వైపే చూస్తున్నారు.

"దువ్వెన ముందు తీసేది కాదు. తడి చేతుల్తో కొసల నుంచి చిక్కులు విడదీసేది. ఎడమ చెవి వెనక పిల్లకి చిన్న కాయలా గడ్డ ఉంది, దువ్వెన తగిలితే నొప్పి. అక్కడ వేలు అడ్డం పెట్టుకునేది."

"మీరు... ఎప్పట్నుంచి వింటున్నారండీ?"

"ఇవాళే. ఇన్నాళ్లూ నన్నే తిడుతున్నావనుకున్నా."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపే గెలిచింది. ఆయన భుజం మీద తల ఆనించి, రోడ్డు మీద అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

"తనతో మాట్లాడాలని నీకూ ఉంటుందని తెలిస్తే ఆ ఫోటో తీసేవాణ్ణే కాదు" అన్నారాయన.

మర్నాడు లేచేసరికి ఫోటో గోడ మీద ఉంది. పిచ్చుక దాని ముందే కింద కూర్చుని చూస్తోంది. నేను చేతులు తడుపుకుని వచ్చి, ఏమీ అడక్కుండా పిల్ల వెనక కూర్చున్నాను. కొసలు పట్టుకోగానే ఒళ్లు బిగబట్టింది. వేళ్లతో నెమ్మదిగా ఒక్కో చిక్కూ తీశాను. ఎడమ చెవి వెనక వేలు అడ్డం పెట్టి అప్పుడు దువ్వెన తీశాను.

పిచ్చుక కదలడం మానేసింది.

"నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ."

అది తలెత్తి ఫోటో వంక చూసింది. తర్వాత వెనక్కి జరిగి, నా ఒంటికి ఆనుకుని కూర్చుంది.

"రెండోది కూడా పైకే వెయ్యి, పిన్నీ" అంది.

బండెక్కాక కూడా నా చేతుల తడి ఆరలేదు. గుసగుసగా అన్నాను, "అక్కా, నీ కూతురు నన్ను పిలిచిందే."

"ఇంకాస్త గట్టిగా చెప్పు" అన్నారు ముందు నుంచి ఆయన. "తనకి వినపడాలి కదా."