వాలితేనే బిగుస్తాను

నేను ఒక మోకును. తాటిచెట్టుకూ, దాన్ని ఎక్కి కల్లు గీసే గౌడు నడుముకూ కలిపి చుట్టే లావుపాటి తాడును. ఎక్కే ముందు మనిషి చెట్టుకు మొక్కుతాడు, గౌడుల దేవుడు కాటమయ్యను తలచుకుంటాడు. నాకు ఎవరూ మొక్కరు. ప్రాణం మాత్రం నా మీదే పెడతారు. మనుషుల తీరు అంతే. నేను దాని మీద గొడవ పెట్టుకోను. మరిచిపోను కూడా.

నన్ను చేసినవాడు బురగాని ఎల్లాగౌడ్. తాటిమట్టల నార చీల్చి, నానబెట్టి, దంచి, పురిపెట్టి పేనాడు. పైన దున్నపోతు తోలు చుట్టి కుట్టాడు. ఆముదం పట్టించి ఎండలో ఆరేశాడు. ఇంత కష్టమెందుకు, సంతలో తాళ్లు దొరకవా అని పక్కింటివాళ్లు అడిగితే, "సంతల తాడు బర్రెను కట్టెటందుకు. నేను బర్రెను గాదు" అన్నాడు. మోకాళ్లు అరిగి చెట్టు ఎక్కలేని నాడు నన్ను కొడుకు సత్తయ్య చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో మాటలు పొదుపు.

సత్తయ్య మంచి పనివాడు. తెల్లవారక ముందే వనానికి పోయేవాడు. గెలలు చెక్కి, నిండిన లొట్లు, అంటే కల్లు కుండలు, దించి, ఖాళీవి కట్టి, ఎండ ముదిరేలోగా కల్లు అమ్మే మండువలో పెట్టేవాడు. అక్కడ తాగేవాళ్లకు పోసేది ఆయన భార్య రాజవ్వ. పోయకుండా నోరు మూయించగలిగేదీ ఆమే. ఒక వానకాలం జ్వరంతో ఆమె పోయింది. తండ్రి అంతకు ముందే పోయాడు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు కల్లు తాగారు, లోకం ఇంతే అన్నారు, లేచి పోయారు. ఇంట్లో సత్తయ్య మిగిలాడు. దూలానికి వేలాడుతూ నేను మిగిలాను.

ఆ చలికాలంలో ఒక తెల్లవారుజామున వనంలోకెల్లా పొడుగాటి చెట్టు ఎక్కుతుండగా ఆయన కాలు జారింది. చెట్టంతా మంచుకు తడిసి ఉంది. సత్తయ్య జారుతూ వచ్చాడు. పాత మట్ట విరిగిన మొరటు గంటు ఒకటి నాకు అందింది. పట్టుకున్నాను. నేను పట్టుకోవడంతో ఆయన గాలిలో వేలాడాడు. ఆయన బామ్మర్ది, అంటే రాజవ్వ తమ్ముడు బిక్షపతి, ఇంకో ఇద్దరు ఎక్కి దించేదాకా అట్లాగే ఉన్నాడు. రొమ్ము గీసుకుపోయింది. అంతకు మించి దెబ్బ లేదు.

మనిషిని దించారు. భయం ఎవరూ దించకుండానే దిగింది. ఆయన వెంట ఇంటికి వచ్చింది.

మరునాడు నన్ను భుజాన వేసుకోగానే ఆయన చేతులు చెమటపట్టాయి. గుండె కొట్టుకోవడం నా తోలుకు తెలిసింది. ఊపిరి అందలేదు. గడప దగ్గరే నన్ను దించేశాడు. దించగానే హాయి అనిపించింది ఆయనకు. ఆ హాయి పెద్ద దొంగ. కాలు నొప్పి అన్నాడు, హాయి. జ్వరమన్నాడు, హాయి. వనం కనిపించకుండా డొంక దారిన చుట్టు తిరిగి ఊళ్లోకి పోయాడు, మరింత హాయి. ఒక్కొక్క హాయిని మేసి భయం దూడలా పెరిగింది. చివరికి ఇంటి దూలం వైపు, అంటే నా వైపు, చూడటం కూడా మానేశాడు.

ఊరివాళ్లు వైద్యం మొదలుపెట్టారు. ఒకరు తాయెత్తు కట్టారు. ఒకరు కోడిని కోశారు, కూర వాళ్లే తిన్నారు. బిక్షపతిది మొరటు వైద్యం. "మొగోడివి బావా, ఒక్క ఊపుల ఎక్కితే అన్నీ పోతయ్" అని కడుపునిండా తాగించి, ఆ పొడుగాటి చెట్టుకే నన్ను చుట్టించాడు. కల్లు సగం చెట్టు దాకా ఎక్కించింది. అక్కడ మత్తు దిగింది, మనిషి దిగలేకపోయాడు. చెట్టును కౌగిలించుకుని గీరుకుంటూ వచ్చి కింద పడ్డాడు. ఉన్న భయానికి రెండింతలైంది. బిక్షపతి మాత్రం తన వైద్యంలో లోపం లేదన్నాడు.

అప్పుడు పెద్దలు తప్పు నా మీద పెట్టారు. కీడు మోకుకు ఉంది, కాటమయ్య ముందర కాల్చేయమన్నారు. పట్టుకున్నది నేను. కాల్చమన్నది నన్ను. నా గురించి సత్తయ్య నోరు విప్పింది ఆ ఒక్కసారే.

"అది ఇడిచిపెట్టలే. ఇడిచిపెట్టింది నేను" అన్నాడు, నన్ను కాల్చనివ్వలేదు.

కానీ కల్లు గీత సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ఎల్లమ్మ పండుగనాటికి ఎవరి చెట్లకు లొట్లు కట్టి ఉండవో, ఆ చెట్లు ఇంకొకరికి పోతాయి. గీయకుండా వదిలేసిన చెట్టు గొడ్డుపోతుందని వాళ్ల నమ్మకం. సత్తయ్య చెట్లు తనకు కావాలని బిక్షపతి అప్పటికే సంఘం పెద్ద కాశయ్య చెవిన వేశాడు. వేసి వచ్చి ఆ సంగతి సత్తయ్య వాకిట్లోనే చెప్పాడు. "బయటోళ్లకు పోయేకన్న మనోళ్లకే ఉంటయి గద బావా. పట్నంల వాచ్‌మన్ పనికి నేనే మాట్లాడుత."

అతను పోయాక సత్తయ్య లోపలికి వచ్చి దూలం నుంచి నన్ను దించాడు.

చెట్టు దగ్గరికి తీసుకుపోలేదు. ఇంటి మధ్య గుంజకు చుట్టి, తన నడుముకు వేసుకుని నేల మీదే నిలబడ్డాడు. నేల మీద. అయినా గుండె దడదడలాడింది. చేయి ముడి మీదికి పోయింది. ముడి విప్పితే హాయి. విప్పలేదు.

"ఏం జేస్తవో జెయ్యి. ఈడ్నే ఉంట" అన్నాడు. నాతో కాదు, లోపల కొట్టుకునేదానితో.

అది చేయగలిగిందంతా చేసింది. తరువాత అలసిపోయింది. ఆ రోజు నేను ఒకటి చూశాను. భయం కూడా చెట్టెక్కే మనిషిలాంటిదే. ఎక్కుతుంది, పైన ఉన్నంతసేపు ఉంటుంది, దిగక తప్పదు. ఇంతకాలం అది దిగకముందే సత్తయ్య పారిపోయాడు. అందుకే అది ఎప్పుడూ పైనే ఉంటుందనుకున్నాడు.

గుంజ దగ్గర విసుగు పుట్టేదాకా నిలబడ్డాడు. తరువాత పొట్టి ఈతచెట్టుకు పోయాడు. దాని మీద ఏ పిల్లవాడైనా ఎక్కుతాడు, ఆయన వణుకుతూ ఎక్కాడు. తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. వణుకు ఉండగా పైకి పోడు, కిందికీ రాడు. ఉన్నచోటే ఆగి, పొయ్యి ఊదినట్టు ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదులుతాడు. వణుకు తగ్గాకే కదులుతాడు. ఆ తరువాత తాటిచెట్టు. మొదట్లో నేల మీద నిలబడిన మనిషికి అందేంత ఎత్తులోనే వేలాడేవాడు.

నా పని గురించి ఇక్కడ చెప్పాలి. మనిషి వెనక్కి వాలితేనే నేను బిగుస్తాను. చెట్టును కౌగిలించుకుంటే వదులైపోతాను, జారిపోతాను. భయపడినవాడు చేసే మొదటి పని కౌగిలించుకోవడమే. ప్రాణం కాపాడుతుందనుకుని ఏది చేస్తాడో అదే ప్రాణం తీస్తుంది. సత్తయ్యకు ఇది తెలుసు. చేతులకు తెలియదు. ఆ చేతులకు మళ్లీ నేర్పాడు, మొండి ఎద్దుకు సాలు నేర్పినట్టు.

మండువలో కూర్చున్నవాళ్లకు మంచి వేడుక దొరికింది. ముదురు గౌడు చెట్టు మొదట్లో కొండెంగలా వేలాడుతుంటే ఎవరు నవ్వరు?

"ఏం బావా, కింద నుంచే గీస్తున్నవా? కల్లు ఏర్లల్లకు దిగుతదా ఏంది?" అన్నాడు బిక్షపతి.

"నవ్వుండ్రి. మీరు నవ్వంగ ఎక్కుడు గూడ నేర్సుకోవాలె గద" అన్నాడు సత్తయ్య.

కొన్ని రోజులు చెడిపోయాయి. నిన్న ఎక్కినచోటికి ఇవాళ ఎక్కలేకపోయేవాడు. కింద కూర్చుని తనను, తన కాళ్లను, ఆ చెట్టును, దాన్ని నాటినవాణ్ని కూడా తిట్టేవాడు. తిట్లు అయిపోయాక మళ్లీ నన్ను చుట్టుకునేవాడు. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని ఆయన చూడలేదు. పండుగ దగ్గరపడేసరికి తన చెట్లన్నిటికీ లొట్లు కట్టాడు, ఒక్క పొడుగాటి చెట్టుకు తప్ప.

పండుగనాడు సంఘం ఆ చెట్టు కిందే కూడింది. బిక్షపతి తన మోకు భుజాన వేసుకునే వచ్చాడు. కాశయ్య మంచివాడే, కానీ కట్టుబాటు కట్టుబాటే.

"సత్తీ, ఒక్క చెట్టు మిగిలినా మాట తప్పినట్టే. ఇడుస్తవా, ఎక్కుతవా?"

"ఎక్కుత" అన్నాడు సత్తయ్య. ఆగాడు. "నాకు భయమైతది. అయినా ఎక్కుత."

అందరూ నేల చూశారు. ఆ వనంలో ఆ మాట ఎవరూ అనరు. నడుము నొప్పి అంటారు, చూపు ఆనడం లేదంటారు, కొడుకు ఎక్కనివ్వడం లేదంటారు. వాళ్లలో ఎందరు ఏ నొప్పిని పట్టుకుని చెట్టు దిగిపోయారో నేను చూడగలిగాను.

"భయమైతే ఎందుకు బావా? నేనున్న గద" అన్నాడు బిక్షపతి.

"నువ్వున్నవనే ఎక్కుతున్న."

ఎక్కాడు. ఆ గంటు దగ్గరికి వచ్చేసరికి చేతులు చెట్టును కౌగిలించుకున్నాయి. నేను వదులయ్యాను. ఒక జానెడు జారాను. కింద ఎవరో, "దిగిరా సత్తన్నా, చాలు" అన్నారు. దయగానే అన్నారు. దయ కూడా ఒక్కోసారి కిందికే లాగుతుంది.

సత్తయ్య దిగలేదు. చెంప చెట్టుకు ఆనించి ఊపిరి వదిలాడు. మళ్లీ వదిలాడు. గుండె నా తోలు మీద డప్పులా కొట్టింది. ఒక చేయి సడలించాడు. రెండోది సడలించలేక వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. విప్పి, ఏమీ లేని గాలి మీదికి వెనక్కి వాలాడు. నేను బిగిశాను. ఆయన అట్లాగే ఉండిపోయాడు, ముఖం ఆకాశానికి పెట్టి, దడ దానంతటది దిగేదాకా. తరువాత మట్టల దాకా పోయాడు. గెల చెక్కాడు. లొట్టి కట్టాడు. దిగాడు.

"చెట్లు సత్తయ్యయే" అన్నాడు కాశయ్య. జనం మండువ వైపు కదిలారు. అందరికంటే ముందు పోయింది బిక్షపతే. నడుముకున్న నన్ను సత్తయ్య ఇంకా విప్పలేదు. అది చూసి బిక్షపతి వెనక్కి తిరిగాడు.

"ఇంకేంది బావా? గెలిచినవు గద."

"పంతానికి ఒక్కసారి ఎవడన్న ఎక్కుతడు" అన్నాడు సత్తయ్య. "ఇప్పుడు పనికి ఎక్కుత."

మిగిలిన గెలలు చెక్కడానికి మళ్లీ అదే చెట్టు ఎక్కాడు. ఈసారి చూసేవాళ్లు లేరు. భయం ఈసారీ వెంట వచ్చింది. గంటు దగ్గర ఆగాడు, వాలాడు, కదిలాడు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. నా తోలు చీలింది, నార ఊడింది. సత్తయ్య కొత్త మోకు పేనుకున్నాడు. నన్ను గోడకు పెట్టి పూజించలేదు, చెత్తలో పారేయలేదు. కొట్టం మూలన పలుగూ పారల పక్కన వేశాడు. పని అయిపోయినదానికి అది తగిన చోటే. కాల్చమన్నవాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు. వాళ్లూ క్షమించమని అడగలేదు.

తెల్లవారక ముందు ఆయన తలుపు తీయడం ఇక్కడికి వినిపిస్తుంది. గడప దగ్గర ఆగుతాడు. కొన్ని రోజులు చాలాసేపే ఆగుతాడు. తరువాత అడుగులు మొదలవుతాయి. డొంక దారిన కాదు, వనం వైపే.