రాజాత్తికి పర్మిషన్ లేదు

పదిహేడేళ్లుగా ఈ రాజపాళయం మిల్లులో నూలు పరీక్షించేది నేనే. నూట ఇరవై గజాల నూలు చిలపగా చుట్టి తూకం మిషను మీద పెడితే, ఆ బరువు వైరు వెంట కంప్యూటర్‌లోకి వెళ్లి నూలు ఎంత సన్నమో, అంటే కౌంట్ ఎంతో చెబుతుంది. నేను సరేనంటేనే లాట్ గేటు దాటుతుంది. అలాంటి నన్ను మూడు వారాలుగా రోజూ పొద్దున్నే ఆ కంప్యూటర్ బయటే నిలబెడుతోంది. తూకం చూపమంటే "పర్మిషన్ డినైడ్" అట! నా బల్ల మీద నాకే పర్మిషన్ లేదట!

మూడు వారాల కిందట దానిలో లైనక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించినవాడు అరవిందన్, మా మిల్లు కంప్యూటర్లు చూసేవాడు. తళవాయిపురం నుంచి బస్సులో వస్తాడు. మనిషి మెత్తన, మాట మెత్తన. నాకు మెత్తని మనుషులంటేనే అనుమానం.

పిలిచినప్పుడల్లా వచ్చేవాడు. 'రూట్' అనే పేరుతో లోపలికి వెళ్లేవాడు. కంప్యూటర్‌లో అధికారమంతా ఆ పేరుదేనట, రాజాత్తి అనే నా పేరుకు ఏమీ లేదట. ఒక్క లైను కొట్టేవాడు, మిషను పలికేది. సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. మర్నాడు పొద్దున కథ మళ్లీ మొదటికి వచ్చేది.

"నిన్న నేను పోయినాక ఎవరన్నా దీన్ని ముట్టినారా అక్కా?" అని అడిగాడొకసారి.

"ఎవరూ ముట్టలేదు. రూముకు తాళం వేసేది నేనే, తీసేది నేనే. నువ్వేం చేసిపోతా ఉండావో నాకేం తెలుసు?"

అతను ముఖం తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను. అతని మరదలు జయప్రియ టెక్స్‌టైల్ డిప్లొమా ముగించి ఇంట్లో ఖాళీగా ఉందని ఆ వారమే విన్నాను. ఇంకేం కావాలి? పొమ్మనలేక పొగబెడుతున్నారు నాకు.

శుక్రవారం రెండు లాట్లు గేటు దగ్గర ఆగిపోయాయి. నేరుగా మిల్లు యజమాని మునియసామి గదికి వెళ్లాను.

"ఆ అరవిందన్ కావాలనే చేస్తా ఉండాడు మొదలాళీ. వాడి మరదల్ని నా చోట్లో కూర్చోబెట్టేదానికే ఇదంతా!"

ఆయన అప్పటికే మండిపడుతున్నాడు. నా ఎదుటే ఫోన్ తీశాడు. "రేపు వచ్చి దాన్ని సరి చేసిపో. సోమవారం నుంచి నువ్వు రావద్దు, పోదుం, ఇంక చాలు."

శనివారం అరవిందన్ వచ్చాడు. నేను అతని కుర్చీ వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాను. పోయేవాడు ఏం చెడగొట్టి పోతాడో ఎవరికి తెలుసు! ఆ రోజు అతనికి తొందర లేదు. చిన్న ఫైలొకటి రాసి, అడగకుండానే చెప్పాడు.

"ఈ మిషను వాడే గ్రూప్‌లో మీ పేరు చేర్చినాను అక్కా. దీన్ని ఎప్పుడు తగిలించినా ఆ గ్రూప్‌కు వదలమని రూల్ రాసినాను. ఇన్నాళ్లు నేను చేసింది ఆ పూటకే. లాట్ నిలిచిపోయిందని మీరు అరిస్తే, సరి అని పైపైన చేసి పోయినాను. అది నా తప్పే. ఇప్పుడు వయర్ పీకి మళ్లీ తగిలించండి."

పీకాను. పీకి, వైరు చుట్టి, మిషను చంకన పెట్టుకుని బీరువా వైపు నడిచాను.

"ఎక్కడికక్కా?"

అప్పటికి గాని నాకు తెలియలేదు, కాళ్లు వాటంతటవే నడిచాయి. "రోజూ సాయంత్రం దీన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాను కదా. బయట ఉంటే ఎవడన్నా ఎత్తుకపోడా?"

"రోజూనా?"

"రోజూనే."

అరవిందన్ చేతులు ఆగిపోయాయి. "వయర్ పీకితే నేనిచ్చిన పర్మిషన్ పోతుంది అక్కా. తగిలించినప్పుడంతా కంప్యూటర్‌కు అది కొత్త మిషనే. మళ్లీ రూట్‌కే ఇస్తుంది. ఎవరూ ముట్టలేదంటిరే?"

"నేను ముట్టేది ఎవరన్నా లెక్కలో పెట్టుకుంటారా?" అన్నాను. అయ్యో, మనిషి పొట్ట మీద కొట్టానే!

లాగౌట్ చేసి మళ్లీ నా పేరుతో లోపలికి వెళ్లమన్నాడు. వెళ్లాను. మూడుసార్లు పీకి తగిలించాను, మూడుసార్లూ పలికింది. అక్కణ్ణించి ఒక్క పరుగున మొదలాళి గదికి వెళ్లి, గుమస్తా వింటున్నా సరే, తప్పు నాదేనని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టాల్సినంతా తిట్టి, "సరి, సోమవారం రమ్మను వాణ్ణి" అన్నాడు.

నేను వచ్చేసరికి అరవిందన్ సంచీ సర్దుకుంటున్నాడు.

"మొదలాళి రమ్మన్నాడు తమ్ముడూ. నాదే తప్పని ఒప్పుకొని వచ్చినాను."

"వద్దక్కా. రేపు ఇక్కడ ఒక స్క్రూ కనపడకపోయినా మీరు మొదట చూసేది నన్నే."

"ఛీ, అట్లా ఎందుకు చూస్తాను?"

అతను సంచీ నోరు వెడల్పుగా తెరిచి నా వైపు తిప్పాడు. ఇంతసేపూ నేను దాని లోపలికే చూస్తూ మాట్లాడుతున్నాను.