మేకుకు తగిలించిన చొక్కా

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఆయన పోయాకే నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను కాబట్టి మెల్లగా నడుస్తుంది.

మా ఆయన తుపాకుల మేస్త్రీ. పోటీల్లో గురి కాల్చేవాళ్ళకు రైఫిళ్ళు బాగుచేసేవాడు. కొత్త గొట్టం బిగిస్తే, దాన్ని మచ్చిక చేయనిదే ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఒక గుండు కాల్చడం, కడ్డీకి గుడ్డముక్క తగిలించి రాగిని కరిగించే ఘాటు మందుతో లోపలంతా తుడవడం, మళ్ళీ ఒక గుండు. తూటా మీది రాగి లోపల అంటుకుని గుడ్డ నీలంగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా అదే పని.

"కాల్చడం కన్నా తుడవడమే ఎక్కువగా ఉందే మేస్త్రీ!" అనేవారు వచ్చినవాళ్ళు.

"తిన్న పళ్ళెం కడగరా మీ ఇంట్లో?" అనేవాడు.

ఆ గుడ్డముక్కలు ఆయన పాత చొక్కాలే. చిరిగిన చొక్కాను కొట్లో తలుపు వెనక మేకుకు తగిలించాడంటే, నేను దాన్ని కత్తిరించాలని అర్థం. కుట్లున్న చోటు మాత్రం వదిలేయాలి. "కుట్టు లోపల ఇరుక్కుంటే నా ప్రాణం తీస్తుందే" అనేవాడు.

చివరి రోజు, తనూ పోటీల్లో గురి కాల్చే మా అమ్మాయి రైఫిల్‌కు కొత్త గొట్టం బిగించాడు. ఉక్కగా ఉందని ఒంటి మీది బూడిదరంగు గీతల తెల్లచొక్కా విప్పి, చేతికందిన ఆ మేకుకే తగిలించాడు. గుండు కాల్చడానికి పెరట్లోకి వెళ్ళనే లేదు. బల్ల దగ్గరే కూలిపోయాడు.

ఆ చొక్కాను నేను ఉతకలేదు, కదపలేదు. ఆయన తగిలించినట్టే ఉండనిచ్చాను. సాయంత్రాలు వెళ్ళి దానికి ముఖం ఆనించి నిలబడేదాన్ని. ఆయన చెమట వాసన ఉండేది. ఈ వయసులో ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటాను?

పోటీలు దగ్గరపడ్డాయని అమ్మాయి వచ్చింది.

"నాన్న బిగించిన గొట్టం ఇంకా ఒక్క గుండూ చూడలేదమ్మా. నేనే మచ్చిక చేసుకుంటా" అంది.

నాకు సంతోషమేసింది. డబ్బాలో గుడ్డముక్కలున్నాయనే ధీమాతో పంపించాను. గుండు పేలడం, ఆగడం, మళ్ళీ పేలడం. వంటింట్లో కూర్చుని, ఆయనే పెరట్లో ఉన్నట్టు వింటున్నాను.

"అమ్మా, తెల్లగా వచ్చేసింది, చూడు!" అంటూ పరుగెత్తుకొచ్చి గుడ్డముక్క చూపించింది. తెల్లటి గుడ్డ మీద సన్నటి బూడిదరంగు గీత.

"ఇదెక్కడిదే?"

"డబ్బాలోవి అయిపోయాయి. మేకుకు ఉందిగా, నిన్ను పిలవడమెందుకని నేనే కత్తిరించుకున్నా."

దాని తప్పేముంది? ఆ మేకు ఎందుకుందో దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"బాగా తుడిచావు తల్లీ" అన్నాను.

కొట్లోకి వెళ్ళి చూశాను. కుట్లు వదిలేయాలన్న నాన్న మాట అది మరిచిపోలేదు. బల్ల మీద కాలరు మిగిలింది. కానీ దానితోనే చేతులు తుడుచుకున్నట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మందు ఘాటు తప్ప ఇంకేమీ లేదు.

అమ్మాయి ఆ రైఫిల్ పట్టుకుని పోటీలకు వెళ్ళింది. కాలరు నా దిండు కింద ఉంది. ఆ ఘాటు కింద ఎక్కడైనా ఆయన ఉంటాడేమోనని ఇంకా వెతుకుతున్నాను.

ఇట్లు, తుపాకుల మేస్త్రీ భార్య. వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉండేది కొట్టు వెనక గదిలో.